సగం చిందీ

మిషన్ బాగుచేయడం పూర్తయ్యాక మా నాయన రెండు పొరల తెల్లగుడ్డ పట్టీ ఒకటి తీసేవాడు. దాన్ని చిందీ అంటాం. దాని మీద పక్కపక్కన రెండు వరసలు కుట్టేవాడు. మధ్యలో ఒక చోట గుడ్డను మడిచి నాలుగు పొరలు చేసి, ఆ మందం మీదుగా కూడా సూదిని నడిపించేవాడు. తర్వాత రెండు వరసల నడుమ నిలువునా కత్తిరించి, ఒక సగం మిషన్ ఆసామికి ఇచ్చి, రెండో సగం మీద మిషన్ నంబరు, తేదీ పెన్సిల్‌తో రాసుకుని ఇంటికి తెచ్చేవాడు. తర్వాత ఫిర్యాదు వస్తే రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రోజు మిషన్ ఇలా కుట్టింది, ఇద్దరం చూశాం అని దాని అర్థం. బీదర్‌లో పవర్ మిషన్లున్న చోట్లలో ఎక్కువ వాటిలో ఆయన చిందీ సగం ఏదో ఒక సొరుగులో ఉంటుంది. ఆయన్ని రసీదు అడిగినవాళ్లు లేరు.

మా ఇంట్లోని సగాలు ఇనుప పెట్టెలో ఏడాదికొక కట్టగా ఉండేవి. ఆ వేసవి దాకా నేను ఆ పెట్టె తెరవలేదు.

మంగల్‌పేట్‌లో మా ఇంటికి నాలుగు సందుల అవతల ప్రేమలక్క కుట్టు హాలు. పదకొండు మిషన్లు. బొంబాయిలో ఒక ఫ్యాక్టరీ మూసేసినప్పుడు ఆమె భర్త లారీలో తెచ్చినవి. ఆయన చనిపోయాక హాలు ఆమె నడుపుతోంది. నేను తొమ్మిదేళ్లుగా అక్కడ నాలుగో నంబరు మిషన్ మీద కుడుతున్నాను. మా నాయన గిద్యోను అంతకు ముందు నుంచే ఆ మిషన్లకు మిస్త్రీ.

మార్చి మొదటి వారంలో తాయవ్వ మిషన్ మీద సూది విరిగింది. తాయవ్వ కమఠాణ నుంచి రోజూ బస్సులో వస్తుంది, తొమ్మిదో నంబరు మీద కూర్చుంటుంది. విరిగిన ముక్క ఎగిరి ఆమె ఎడమ కంటి కింద ఎముక మీద తగిలింది. రక్తం కొంచెమే వచ్చింది. ఆమె కొంగుతో అద్దుకుని, నేల మీద సూది ముక్కలు వెతకడం మొదలుపెట్టింది. అన్ని ముక్కలూ దొరికే దాకా ఆ మిషన్ మళ్లీ తిరగకూడదని హాలులో నియమం. ముక్క బట్టలో ఉండిపోతే తొడుక్కున్న పిల్లలకు గుచ్చుకుంటుంది.

“ఇంకొక ఏలెడు పైకి తాకితే నాకు ఒక్క కన్నే మిగుల్తుండె,” అంది తాయవ్వ. “అప్పుడు ప్రేమలక్క సగం కూలి ఇస్తుండె.”

అందరూ నవ్వారు. మా నాయన నవ్వలేదు. ఆ మిషన్‌ను అంతకు ముందు రోజే ఆయన సరిచేశాడు.

పవర్ మిషన్‌లో సూది దిగే పలక కింద షటిల్ ఉంటుంది. గుండ్రంగా తిరిగే ఇనుప ముక్క, దానికొక కొక్కెం మొన. సూది పైకి లేచే క్షణంలో ఆ మొన వచ్చి దారాన్ని అందుకోవాలి. మొన సూదికి ఎంత దగ్గరగా పోతే అంత మంచిది, కానీ తాకకూడదు. తాకితే సూది విరుగుతుంది. దూరమైతే దారం అందదు, కుట్టు తప్పుతుంది. మా నాయన ఆ సందును చెవితో పెట్టేవాడు. స్క్రూలు తిప్పే పేచ్‌కస్సు మొనను మిషన్ ఇనుముకు, పిడిని చెవి పక్క ఎముకకు ఆనించి, చేత్తో చక్రం తిప్పుతూ షటిల్‌ను దగ్గరకు జరిపేవాడు. గోటితో కాగితం గీసిన చప్పుడు వినిపించగానే వెంట్రుకంత వెనక్కి జరిపి, స్క్రూలు బిగించేవాడు. చెవితో పెట్టడం రానివాళ్లు ఇంకో పద్ధతి వాడతారని ఆయనే చెప్పాడు. బైబిలు కాగితం ముక్కను సూదికీ మొనకూ మధ్య ఉంచి బిగిస్తారు. ఆ కాగితం మందం, కావలసిన సందు ఇంచుమించు ఒకటే.

“చెవుల్లేనోళ్ల పని అది,” అనేవాడు. 

సూది విరిగాక రెండు వారాల్లో ఆయన ఎవరూ అడగకుండానే పదకొండు మిషన్లూ విప్పి, మళ్లీ సరిచేశాడు. పదకొండు చిందీలు ప్రేమలక్కకు ఇచ్చాడు. ఆ తర్వాత సూదులు విరగలేదు.

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు గుడిలో పాట చివరి చరణం ముగిసింది. హార్మోనియం ఆగింది. మా నాయన ఆగలేదు. ఒక పంక్తి ఒక్కడే పాడాడు. పక్కనున్నాయన మోచేత్తో తడితే చుట్టూ చూసి ఆపేశాడు. పిల్లలు నవ్వారు. ఇంటికి వచ్చే దారిలో అమ్మ నాతో మామూలు గొంతుతో అంది.

“మీ నాయినకు సగమే ఇనబడ్తాంది.”

ఆయన మాకు రెండడుగుల ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడుతున్నామని నాకు అప్పుడే తట్టింది. ఎప్పటి నుంచో చెప్పలేను.

ఏప్రిల్‌లో ఒక ప్రైవేటు బడి యూనిఫారాల ఆర్డరు వచ్చింది. పన్నెండు వందల జతలు. జూన్ మొదటి సోమవారం బడి తెరిచే లోపు ఇవ్వాలి. మొదటి విడత రెండు వందల జతలు నెలాఖరుకు పంపాం. ఎనిమిదో రోజున బడి గుమాస్తా రాచయ్య ఆటోలో రెండు మూటలు తెచ్చి హాలు మధ్యలో దించాడు. ఒక చొక్కా తీసి కాలరు దగ్గర రెండు వేళ్లతో లాగాడు. కుట్టు విడిపోయింది. ఒక ప్యాంటు తీసి, కాళ్ల కుట్లు నాలుగూ కలిసే చోట లాగాడు. అదీ విడిపోయింది.

“హొలిగె బిట్టిదె, నోడ్రి,” అన్నాడు కన్నడలో. కుట్టు వదిలింది చూడండి అని. తర్వాత అందరికీ తెలియాలని తెలుగులోకి మారాడు. “పిల్లలు తొడుక్కోక ముందే గిట్లుంటే, తొడుక్కున్నంక ఏం గావాలె? మా మేడమ్ షోలాపూర్ యూనిఫారాలోళ్లకు ఫోన్ చేస్తనంటాంది.”

“జర ఆగున్రి సార్, మొత్తం మళ్ల కుట్టిస్త,” అంది ప్రేమలక్క.

“అవే మిషన్ల మీదనా?”

రాచయ్య పది రోజులు గడువిచ్చి పోయాడు.

చొక్కాలు తిప్పి చూశాం. పలచటి చోట కుట్టు బాగానే ఉంది. గుడ్డ నాలుగు పొరలైన ప్రతి చోటా కుట్టులో టాకాలు తప్పాయి. రెండు టాకాలు పడి, ఒకటి ఖాళీ. మా నాయనకు కబురు పంపారు. ఆయన వచ్చాడు, చూశాడు, దారం టెన్షన్ తిప్పాడు, సూదులు మార్చాడు, నూనె వేశాడు. షటిల్ జోలికి పోలేదు. నేను నా మిషన్ మీద నుంచి చూస్తూ ఉన్నాను. మర్నాడు కూడా టాకాలు తప్పాయి.

“మిషన్లు ముసలియైనయ్, మామా,” అంది ప్రేమలక్క ఆయన చెవి దగ్గరకు వంగి. “నీ తప్పేం లేదు. నువ్వు గన్క ఇన్నేండ్లు నడిపించినవ్. పాతయి కొనే ఉద్గీర్ భీమ్‌రావ్‌కు ఫోన్ చేసిన. సోమారం వస్తుండు. మొత్తం తీస్కపోతడంట. ఆరు కంప్యూటర్ మిషన్లు తెస్త.”

“ఆరా?”

“ఆరు. ఒక్కోటి రెండు మిషన్ల పని చేస్తది.”

తలలు లెక్కపెట్టుకోవడం అందరికీ వచ్చు. పదకొండు మందిమి. కొత్త మిషన్లకు వాటి కంపెనీ మెకానిక్కే వస్తాడు. మా నాయన తన సంచీ సర్దుకుని, “సరే తీ,” అన్నాడు. ఇంటికి వచ్చాక అన్నం సగం తిని లేచాడు.

మర్నాడు ఆయన చౌబారా వైపు పనికి పోయినప్పుడు నేను ఇనుప పెట్టె తెరిచాను. పాత కట్టలు విప్పి ఒక్కొక్క చిందీ చూశాను. నాలుగు పొరల మీద కుట్టు తప్పిన చిందీ ఒక్కటి కూడా లేదు. తర్వాత ఆ ఏడాది కట్టలో మార్చివి తీశాను. సూది విరిగాక ప్రేమలక్క హాలులో చేసినవి పదకొండు. వాటిలోనూ కుట్టు తప్పలేదు. వాటిని పాతవాటి పక్కన పరిచి చాలాసేపు చూశాక తేడా కనబడింది. ఆ పదకొండింటిలో మడత లేదు. రెండు పొరల గుడ్డ మీద తిన్నగా పోయిన కుట్టు, మొదటి నుంచి చివరి దాకా.

సందు ఎక్కువైతే మందం మీద టాకా తప్పుతుందని ఆయనకు తెలుసు. మడత పెడితే అది చిందీలో కనబడుతుందని కూడా తెలుసు.

చిందీలు మళ్లీ కట్టగట్టి, పెట్టె మూసి హాలుకు పోయాను. దారిలో ఆలోచించింది ఇంతే. నోరు మూసుకుంటే మిషన్లు ఉద్గీర్ పోతాయి, నాయన పేరు మిగులుతుంది. మిషన్లు బాగానే ఉన్నాయంటే, తప్పు ఎవరిదో నా నోటితో చెప్పినట్టే. ముప్పై ఏళ్లుగా ఆయన ఇచ్చిన సగాల మీద కూడా ఆ మాట పడుతుంది.

ఏడో నంబరు మీద కుట్టే అమ్మాయి చింతకిలో పెళ్లికి పోయింది. ఆమె మిషన్ నాలుగు రోజులు ఖాళీగా ఉంటుంది. శుక్రవారం పొద్దున ఇంట్లో నాయన బైబిలు తీశాను. చివర మా ఇంటి పుట్టుకలు, పెళ్లిళ్లు రాసిన పేజీ, దాని వెనక ఒక ఖాళీ కాగితం ఉంటాయి. ఖాళీ కాగితం అంచు నుంచి వేలెడు వెడల్పున ఒక ముక్క కత్తిరించాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“దేవుని పుస్తకం కోస్తున్నవా?”

“రాత లేని కాయితమే, అమ్మా.”

“ఎందుకు?”

చెప్పాను. అమ్మ నా చేతిలోంచి బైబిలు తీసుకుని, తుడిచి, ఉన్నచోటే పెట్టింది. నాయనకు చెబుతానని అనలేదు, చెప్పనని కూడా అనలేదు.

మధ్యాహ్నం మోటార్లు ఆపి అందరూ అన్నం డబ్బాలతో వసారాలోకి పోయారు. తాయవ్వ మాత్రం గుమ్మానికి అడ్డంగా కూర్చుని డబ్బా తెరిచింది.

“ఏం జేస్తున్నవే?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటే పేచ్‌కస్సు ఎందుకు? చెయ్యి, చెయ్యి. నేను బువ్వ తింటున్న. నాకేం కనబడ్తలేదు.”

సూది పలక విప్పాను. కొత్త సూది పెట్టాను, గాడి ఎడమ వైపుకు. చక్రం తిప్పి సూదిని అడుగుదాకా దించి, సూది కడ్డీ మీద రెండో గీత కనబడే దాకా లేపాను. షటిల్ స్క్రూలు వదులు చేశాను. మొన సూదికి ఎదురుగా ఉంది కానీ రెండింటి మధ్య సందు కంటికే కనబడుతోంది. కాగితం ముక్క మధ్యలో పెట్టి, అది కదలాలంటే కొంచెం లాగాల్సి వచ్చేదాకా షటిల్‌ను జరిపి బిగించాను. బిగిస్తుంటే జరిగిపోయింది. మళ్లీ వదులు చేశాను. మూడోసారికి నిలిచింది. చొక్కా ముక్కను నాలుగు మడతలు చేసి కుట్టాను. తప్పలేదు. ఆరు మడతలు చేశాను. తప్పలేదు.

చివరగా తెల్లగుడ్డ మీద రెండు వరసలు, మధ్యలో మడతతో కుట్టాను. కత్తిరించలేదు. కత్తిరించి ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. మడిచి జాకెట్‌లో పెట్టుకున్నాను.

“ఐందా?” అంది తాయవ్వ.

“ఐంది.”

“ఐతే వచ్చి తిను. నీ నాయినకు ఎట్ల చెప్తవో అది గూడ తినుకుంట ఆలోచించు.”

శనివారం చెప్పలేదు. ఆదివారం గుడిలో ఆడవాళ్ల వైపు నుంచి ఆయన్ని చూస్తూ ఉన్నాను. ప్రసంగం నడుస్తుండగా ఆయన బైబిలు చివర తెరిచాడు. వినిపించని చోట ఆయన పేజీలు తిప్పుతాడని అప్పటికి నాకు తెలుసు. ఖాళీ కాగితం దగ్గర ఆగాడు. కత్తిరించిన అంచు మీద బొటనవేలు పైనుంచి కింద దాకా పోనిచ్చాడు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చాక ఏమీ అడగలేదు. ఆ రోజు మా ఇంట్లో గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు.

సోమవారం పదకొండింటికి భీమ్‌రావ్ టెంపో వేసుకుని వచ్చాడు. పాత మిషన్లు కొని, బాగుచేయించి, లాతూర్ దాకా అమ్ముతాడు. మా నాయనను ముందు నుంచీ ఎరిగినవాడే.

“ఏం గిద్యోనన్నా, మీ పిల్లలన్నిటిని నాకు దత్తతిస్తున్నవా?” అన్నాడు.

నాయన గోడ పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వెంట పనిముట్ల సంచీ లేదు. సంచీ లేకుండా ఆయన హాలుకు రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

భీమ్‌రావ్ జేబులోంచి జీన్స్ గుడ్డ తీసి, ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి కుట్టి చూశాడు. ప్రతిసారీ గుడ్డ తిప్పి, తప్పిన టాకాలు ప్రేమలక్కకు చూపించి, పెదవి విరిచాడు. నా నాలుగో నంబరుకూ అంతే చేశాడు. ఏడో నంబరు మీద కుట్టి, తిప్పి, మళ్లీ కుట్టాడు. గుడ్డ ఇంకో మడత వేసి కుట్టాడు.

“ప్రేమలక్కా, దీనికేం రోగం? దీన్నెందుకు అమ్ముతున్నవ్?”

ప్రేమలక్క వచ్చి గుడ్డ చేతిలోకి తీసుకుంది. కాలరు లాగినట్టు లాగింది. విడిపోలేదు. ఆమె నాయన వైపు తిరిగింది.

“మామా, ఏడో నంబర్ ఎప్పుడు జేసినవ్?” అని గట్టిగా అడిగింది.

ఆయన “మొన్న” అంటే సరిపోయేది. తక్కినవి కూడా రేపు చేస్తానంటే చాలు. మిషన్లూ ఉంటాయి, పేరూ ఉంటుంది. నేను రాత్రంతా సరిచేసి ఇస్తాను, ఎవరికీ తెలియదు. ఆ మాట ఆయన అనాలని నేను కోరుకున్నాను. తాయవ్వ నా వైపు చూడలేదు, దారం ఎక్కిస్తూ ఉంది.

“అది నేను జెయ్యలే,” అన్నాడు నాయన. తర్వాత, “మార్చిల ఇచ్చిన చిందీ తియ్యి, ప్రేమలా,” అన్నాడు.

ఆమె సొరుగులోంచి తీసింది. 

“మడత ఏది?” అన్నాడు.

ఆమె చిందీని అటూ ఇటూ తిప్పింది. “లేదు, మామా.”

“పెట్టలే. పెడితే టాకా తప్పుతుండె. సూదికి షటిల్‌కు సందు ఎక్కువిడిసిన, పదకొండిటికి. తాయవ్వకు కంటికాడ తాకినప్పటి సంది భయమైంది. తాకుతాందో లేదో నాకు చప్పుడు ఇనబడ్తలేదు. మిషన్లకేం గాలే.”

భీమ్‌రావ్ జీన్స్ గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మరి ఏడో నంబర్ ఎవరు జేసిన్రు?” అంది ప్రేమలక్క.

నాయన నా వైపు చెయ్యి చాపాడు. “చిందీ తే, బిడ్డా.”

జాకెట్‌లోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తిరగేసి, కింది వైపు కుట్టు మీద గోరు పెట్టి, ఒక కొస నుంచి రెండో కొస దాకా మెల్లగా లాగాడు. మడత దగ్గర గోరు ఆపి, మళ్లీ వెనక్కి తెచ్చి, ఇంకోసారి పోనిచ్చాడు. 

“కింద దారం జర బిగువున్నది,” అన్నాడు. చిందీ నాకు తిరిగి ఇచ్చాడు. “కత్తిరించు. ఆమెది ఆమెకు ఇయ్యి.”

తాయవ్వ తన కత్తెర అందించింది. కత్తిరించాను. ప్రేమలక్క తన సగం తీసుకుని, మార్చి చిందీ ఉన్న సొరుగులోనే పెట్టింది.

“నా కిరాయి ఎవరిస్తరు మరి? ఉద్గీర్ నుంచి ఖాళీ టెంపోల గాలి మోసుకొచ్చిన,” అన్నాడు భీమ్‌రావ్. చాయ్ తాగి పోయాడు.

తర్వాత చెప్పాల్సింది తక్కువ. పది మిషన్లు రెండు రోజుల్లో సరిచేశాను. వాపసొచ్చినవి గడువులో, మిగతా యూనిఫారాలు మే ఆఖరుకు చేరాయి. రాచయ్య ఇరవై చొక్కాలు కాలరు దగ్గర లాగి చూసి తీసుకున్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో ఇద్దరు ఆసాములు ఆ మాట విని, తమ దగ్గరున్న చిందీలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నాయన వాళ్లను కూర్చోబెట్టి, ఇనుప పెట్టె తెరిచి, రెండో సగాలు తీసి పక్కన పెట్టాడు. వాటిలో మడతలున్నాయి. ఒకాయన తన మిషన్ ఇంకెవరికో అప్పజెప్పాడు. రెండో ఆయన పిలిస్తే నేను పోతున్నాను. నాయన కూడా వస్తాడు. మిషన్ నడిచేటప్పుడు బల్ల మీద అరచెయ్యి పెట్టి నిలబడతాడు.

ఆ సోమవారం సాయంత్రం సంగతి మిగిలింది. ఇంటికి వచ్చాక ఆయన కాళ్లు కడుక్కుని, బైబిలు తెచ్చి చాప మీద పెట్టుకుని, అమ్మను కత్తెర అడిగాడు.

“ఎందుకు?” అంది అమ్మ మామూలు గొంతుతో. ఆయనకు వినబడలేదు. అమ్మ మళ్లీ అడగకుండా కత్తెర తెచ్చి ఇచ్చింది.

చివరి కాగితాన్ని నేను కత్తిరించిన వైపు నుంచి మొదలుపెట్టి, ఒకే వెడల్పున ముక్కలు కోశాడు. పుట్టుకలు రాసిన పేజీకి కత్తెర తగలకుండా దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. పది ముక్కలయ్యాయి. వాటిని నా అన్నం డబ్బా మూత మీద పెట్టాడు.

“ఒక్కో మిషన్‌కు ఒక్కటి,” అన్నాడు. “నూనె అంటుకున్నది మళ్ల వెట్టకు.”